లాక్టేజ్ మాత్రలు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పాలు పడనివాళ్లకు కోనసీమలో పెళ్లి భోజనమంటే టెన్షనే. పాయసం, కోవా, జున్ను, ఆఖర్న ఐస్‌క్రీమ్. వద్దంటే వడ్డించేవాళ్లు ఊరుకోరు. డాక్టరు చెప్పినప్పటి నుంచి నా జేబులో లాక్టేజ్ మాత్రలు ఉండాల్సిందే. నాకైతే బాగా పనిచేస్తున్నాయి, కానీ వేళకి వేసుకుంటేనే.

పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో తగ్గిపోతే, ఆ చక్కెర అరక్కుండా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు అందుకే. మాత్రలో ఉన్నది ఆ ఎంజైమే కాబట్టి పాల పదార్థం మొదటి ముద్దతోనే మింగాలి. కడుపు ఉబ్బాక మింగి లాభం లేదు. భోజనం సాగి ఐస్‌క్రీమ్ ముప్పావుగంట తర్వాత వస్తే ఇంకోటి వేసుకుంటాను.

డబ్బా మీద ఎఫ్‌సీసీ యూనిట్లు చూసి కొనండి, ఎంజైమ్ బలాన్ని చెప్పే కొలత అది. 3000, 4500, 9000 ఇలా ఉంటాయి. టీకి నాకు చిన్నది సరిపోతుంది. కోవాకి మాత్రం 9000 కావాలి. పాలు ఇగిరిపోయి లాక్టోజంతా ఆ కాస్త ముద్దలోనే ఉంటుంది మరి. అయినా రెండో బిళ్ల కోవా జోలికి పోను.

లాక్టేజ్ చుక్కల రూపంలోనూ వస్తుంది. కాచి చల్లార్చిన పాలలో వేసి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచాలి. వేడి పాలలో వేస్తే ఎంజైమ్ పాడైపోతుంది. లాక్టోజ్ గ్లూకోజ్, గెలాక్టోజ్‌గా విడిపోవడంతో పాలు తియ్యగా అవుతాయి. చక్కెర ఎక్కడికీ పోలేదు, షుగర్ ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మన గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో డబ్బాలోని మాత్రలు మెత్తబడి పొడి రాలుతున్నాయి, అలాంటివి నాకు పనిచేయలేదు. ఇప్పుడు విడివిడిగా ప్యాక్ చేసినవే కొంటున్నాను. ఎండలో బండి డిక్కీలో అస్సలు ఉంచను.

రోజూ వాడాలంటే ఖర్చెక్కువ. అందుకే ఇంట్లో పెరుగుతో సరిపెట్టుకుంటాను. తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్ తగ్గుతుంది, నాకు బాగానే పడుతుంది. నెయ్యిలో దాదాపు ఉండదు కాబట్టి ఆత్రేయపురం మామూలు పూతరేకులకి మాత్ర అక్కర్లేదు. తాపేశ్వరం కాజాకీ నేను వేసుకోను.

పాలు తాగగానే దద్దుర్లు, ఆయాసం వస్తే అది పాల ప్రొటీన్ అలర్జీ కావచ్చు. దానికి ఈ మాత్ర పనికిరాదు. దీన్ని నమ్ముకుని పాలు ముట్టుకోకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి.