ట్రెడిషనల్ 401కె, రాత్ 401కె: పన్ను ఫారాల లెక్కలో ఏది మేలు?

అమెరికాలో ఉద్యోగం చేసేవారికి జనవరి నెలాఖరులోగా అందవలసిన, ఏడాది జీతాన్నీ పన్ను కోతలనూ చూపే డబ్ల్యు-2 ఫారంలో ఒకే జీతం వేర్వేరు బాక్సుల్లో వేర్వేరు అంకెలుగా కనబడటానికి ముఖ్య కారణాల్లో, యజమాని సంస్థ ద్వారా నడిచే పదవీ విరమణ పొదుపు ఖాతా అయిన 401కె ఒకటి. జీతంలోంచి పదవీ విరమణ కోసం మినహాయించే సొమ్మును ట్రెడిషనల్ పద్ధతిలో (ఆదాయపు పన్ను ఇప్పుడు కాక, తీసుకునేటప్పుడు) కట్టారా, రాత్ పద్ధతిలో (పన్ను ఇప్పుడే) కట్టారా అన్నదాన్ని బట్టి ఆ అంకెలు మారతాయి. రెండింటిలో ఏది మేలు అన్నప్పుడు చాలామంది ఆ ఏడాది రిఫండు ఎంత పెరిగిందో చూసి తేల్చేస్తారు. అది సగం లెక్క మాత్రమే. మిగతా సగం ఎన్నో ఏళ్ల తర్వాత, సొమ్ము వెనక్కి తీసుకున్నప్పుడు వచ్చే 1099-ఆర్ ఫారంలో తేలుతుంది.

మొదట డబ్ల్యు-2 చూద్దాం. లక్ష డాలర్ల జీతం ఉన్న ఒంటరి వ్యక్తి 2025లో పదివేల డాలర్లు 401కెలో వేశారనీ, జీతంలో వేరే మినహాయింపులేవీ లేవనీ అనుకుందాం. ట్రెడిషనల్ పద్ధతిలో వేస్తే ఒకటో బాక్సులో 90,000 అని ఉంటుంది, 12వ బాక్సులో ‘డి’ అనే కోడ్ పక్కన 10,000 అని ఉంటుంది. రాత్ పద్ధతిలో వేస్తే ఒకటో బాక్సులో పూర్తి లక్ష ఉంటుంది, 12వ బాక్సులో కోడ్ ‘ఏఏ’గా మారుతుంది. మూడో బాక్సులోని సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) వేతనం, ఐదో బాక్సులోని మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వేతనం మాత్రం రెండు పద్ధతుల్లోనూ లక్షే. అంటే ట్రెడిషనల్ పద్ధతి ఆదాయపు పన్నును వాయిదా వేస్తుందే తప్ప 6.2 శాతం సోషల్ సెక్యూరిటీ పన్నునూ, 1.45 శాతం మెడికేర్ పన్నునూ తగ్గించదు. ‘డి’ పక్కనున్న సొమ్మును రిటర్నులో మళ్లీ ఎక్కడా తగ్గించి చూపకూడదు. ఒకటో బాక్సులో ఆ తగ్గింపు అప్పటికే జరిగిపోయింది. అదే 12వ బాక్సులో ‘డిడి’ అని కనబడే పెద్ద అంకె ఆరోగ్య బీమా ఖర్చుకు సంబంధించినది. 401కెతో దానికి సంబంధమే లేదు.

పై ఉదాహరణలోని వ్యక్తి 22 శాతం శ్లాబులో ఉంటారు కాబట్టి ట్రెడిషనల్ వల్ల ఆ ఏడాది 2,200 డాలర్ల ఆదాయపు పన్ను మిగులుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఖాతాలో చేరేది రెండు విధాలా పదివేలే అయినా, ఇంటికి వచ్చే జీతం ట్రెడిషనల్‌లో 7,800 మాత్రమే తగ్గుతుంది, రాత్‌లో పూర్తి పదివేలూ తగ్గుతుంది. పదవీ విరమణ తర్వాత కూడా అదే 22 శాతం పన్ను పడితే ఈ రెండు దారులూ సమానమే, కాని మిగిలిన ఆ 2,200నూ పొదుపులో పెట్టినవారికే సమానం. ఖర్చు పెట్టేసినవారికి రాత్ దారే ఎక్కువ మిగులుస్తుంది. రిఫండు చూసి సంతోషించేవారు దీన్ని తప్పక ఆలోచించాలని నా విన్నపం.

ఇక 1099-ఆర్ సంగతి. ట్రెడిషనల్ ఖాతాలోంచి తీసుకున్నది, అసలైనా లాభమైనా, మామూలుగా అంతా పన్ను పడే ఆదాయమే. రాత్ ఖాతా తెరిచి ఐదేళ్లు నిండి, వయసు యాభై తొమ్మిదిన్నర దాటాక తీసుకుంటే లాభం మీద కూడా ఫెడరల్ పన్ను ఉండదు. 2024 నుంచి రాత్ 401కెకు, ఖాతాదారు బతికున్నంత కాలం, ఏటా ఇంత తీసుకోవాలన్న నిర్బంధం కూడా లేదు. ట్రెడిషనల్‌కు అది ఇంకా ఉంది. అయితే యజమాని సంస్థ జతచేసే వాటా, మీరు రాత్ ఎంచుకున్నా సరే, సాధారణంగా ట్రెడిషనల్ పద్ధతిలోనే పడుతుంది. అది డబ్ల్యు-2లో కనబడదు. తీసుకునేటప్పుడు దాని మీద పన్ను కట్టాలి.

అందువల్ల 10 లేదా 12 శాతం శ్లాబులో ఉన్న కొత్త ఉద్యోగులకు రాత్ మేలు. ఇంతకంటే తక్కువ రేటుకు పన్ను కట్టే అవకాశం వారికి మళ్లీ రావడం కష్టం. 32 శాతం, ఆపై శ్లాబుల్లో ఉన్నవారికి, విరమణ తర్వాత ఆదాయం తగ్గుతుందనుకుంటే, ట్రెడిషనల్ మేలు. మధ్యలో 22, 24 శాతాల్లో ఉన్నవారు రెండింటికీ కొంత కొంత పంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. పెన్సిల్వేనియాలో పనిచేసేవారికి మరో లెక్క ఉంది: ఆ రాష్ట్రం 401కె వాటాను జీతంలోంచి మినహాయించదు, కాబట్టి ట్రెడిషనల్ ఎంచుకున్నా 16వ బాక్సులోని రాష్ట్ర వేతనం ఒకటో బాక్సు కంటే ఎక్కువగా ఉంటుంది.

సంస్థతో నిమిత్తం లేకుండా సొంతంగా తెరిచే పదవీ విరమణ ఖాతా, అంటే ట్రెడిషనల్ ఐఆర్ఏ, సంగతి వేరు. దాని మినహాయింపును రిటర్నులో మనమే చూపాలి. డబ్ల్యు-2 పదమూడో బాక్సులో ‘రిటైర్‌మెంట్ ప్లాన్’ గడికి టిక్కు ఉంటే, 2025లో ఒంటరి వ్యక్తికి సవరించిన ఆదాయం 79,000 నుంచి 89,000 డాలర్లకు పెరిగే కొద్దీ ఆ మినహాయింపు పూర్తిగా కరిగిపోతుంది. లక్ష జీతగాడికి 401కెయే తేలిక.

ఏ పద్ధతి ఎంచుకున్నా 2025కి ఉద్యోగి వాటా పరిమితి, యాభై ఏళ్లలోపు వారికి, 23,500 డాలర్లు. అది ‘డి’, ‘ఏఏ’ రెండూ కలిపి, ఆ ఏడాది పనిచేసిన సంస్థలన్నిటికీ కలిపి. మధ్యలో ఉద్యోగం మారినవారి విషయంలో కొత్త సంస్థకు పాత సంస్థలో ఎంత వేశారో తెలియదు, కాబట్టి రెండు డబ్ల్యు-2లనూ పక్కపక్కన పెట్టి ఆ అంకెలు కూడి చూసుకోవలసింది ఉద్యోగే. మించిన సొమ్మును, దాని మీది లాభంతో సహా, మరుసటి ఏడాది ఏప్రిల్ 15 లోగా వెనక్కి తీసుకోకపోతే, ట్రెడిషనల్‌లో మించిన సొమ్ము మీద వేసిన ఏడాది ఒకసారి, తీసుకున్న ఏడాది మరోసారి పన్ను పడుతుంది. డిసెంబరు చివరి పే స్టబ్ (జీతం చీటీ)లోని మొత్తంతో 12వ బాక్సును సరిచూసి, కోడ్ గాని అంకె గాని తేడాగా ఉంటే రిటర్ను దాఖలు చేయకముందే సంస్థను అడిగి డబ్ల్యు-2సి అనే సవరణ ఫారం తెప్పించుకోండి.