నవలా, నాన్‌ఫిక్షనూ పక్కపక్కన: కొన్నేళ్ల అనుభవం

ఒక నవలను, ఒక నాన్‌ఫిక్షన్ పుస్తకాన్ని ఏకకాలంలో చదివే పద్ధతిని నేను కొన్నేళ్లుగా పాటిస్తున్నాను. రెండూ కలగాపులగం కావా అని చాలామంది సందేహిస్తారు. రెండు నవలలను కలిపి చదివితే తప్పకుండా అవుతాయి. ఒకదానిలోని మేనమామ మరొకదానిలో తగవు తీర్చడానికి వస్తాడు. నవలకు తోడుగా భూగర్భశాస్త్రమో ఆర్థిక చరిత్రో ఉన్నప్పుడు మాత్రం ఈ బెడద దాదాపు ఉండదు, ఎందుకంటే జ్ఞాపకంలో ఒకదానికొకటి ఎక్కువగా అడ్డుపడేవి పోలికలున్న విషయాలే.

రెండు పుస్తకాల విషయమూ ఒకటే అయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నేపథ్యంగా గల నవలను, ఆ యుద్ధ చరిత్రను కలిపి చదివినప్పుడు కలిగిన తృప్తి నాకు మరే జంటలోనూ దొరకలేదు. 1916 జులై 1న, ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరాటపు తొలిరోజే, బ్రిటిష్ సైన్యంలో 19,000 మందికి పైగా మరణించారని చరిత్ర చెబుతుంది. ఆ సంఖ్యలో ఒకడు కాబోయే మనిషి కందకంలో తెల్లవారడం కోసం ఎలా ఎదురుచూసి ఉంటాడో నవల ఊహించి చూపుతుంది. కానీ కొన్ని నెలలు గడిచాక, గుర్తున్న ఒక వివరం చరిత్రలో చదివినదో, నవలాకారుడు కల్పించినదో తేల్చుకోవడం కష్టం. ఇది నా ఒక్కడి బలహీనత కాదు: కథల్లో చొప్పించిన తప్పుడు సమాచారాన్ని పాఠకులు తరువాతి పరీక్షలో వాస్తవంగా రాస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్ష్, మీడ్, రోడిగర్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అందువల్ల ఇటువంటి జంటలో చరిత్ర పుస్తకం నుంచి మాత్రమే, పుటసంఖ్యతో సహా, నోట్సు రాసుకుంటాను. నోట్సులో లేనిదాన్ని ఎవరితోనూ వాదనకు వాడను.

వేగం విషయంలో ఈ పద్ధతి రెండు పుస్తకాలకూ సమన్యాయం చేయదు. నాన్‌ఫిక్షన్‌ను అధ్యాయం చివర నిశ్చింతగా ఆపవచ్చు, వారం తరువాత తెరిచినా వాదం అక్కడే ఉంటుంది. నవలను అలా వదిలితే పాత్రల స్వరం చెవిలోంచి జారిపోతుంది. కాబట్టి నవలను రోజూ కొంతైనా చదువుతాను, చివరి మూడో వంతుకు చేరాక రెండో పుస్తకాన్ని పూర్తిగా పక్కన పెడతాను. అనేక తరాల పాత్రలతో నిండిన బృహన్నవలకు ఈ పద్ధతి అసలు నప్పదు. ఒకటి అచ్చులోనూ మరొకటి ఈ-రీడర్‌లోనూ చదవడం కొంత ఉపకరించింది, వేగంలో కాదు, ఏ వాక్యం ఎక్కడ చదివానో గుర్తుండటంలో. మూడో పుస్తకాన్ని చేర్చి కూడా చూశాను. అది ప్రతిసారీ సగంలోనే ఆగిపోయింది.