రాతి ఆనకట్ట నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా

విజయవాడలో కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీని కారులో దాటేవారికి అది రెండు మూడు నిమిషాల దారి మాత్రమే. మేము దానిని చూడటానికే గుంటూరు నుంచి ముందురోజు వచ్చి, తెల్లవారుతూనే ఇంద్రకీలాద్రి వైపు నుంచి సీతానగరం దాకా నడిచాము. 1223.5 మీటర్ల పొడవున 70 గేట్లను ఆగి ఆగి చూస్తూ వెళ్లేసరికి గంట దాటింది. భారీ వాహనాలు కనకదుర్గ వారధి మీదుగా వెళ్తాయి గనుక ఆ వేళలో నడక ఇబ్బంది కాలేదు.

డొక్కల కరువు 1832–33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన తరువాత, కృష్ణ నీటిని పొలాలకు మళ్లించాలన్న ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ సమర్థనతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ఆనకట్ట పూర్తయింది. నదికి అటూ ఇటూ ఉన్న కొండల రాయినే తెచ్చి, అడుగున ఇసుక తప్ప మరేమీ లేని చోట, రాళ్ల బరువుతోనే ప్రవాహాన్ని ఆపారు. దాదాపు వందేళ్లు డెల్టాకు అన్నం పెట్టిన ఆ కట్టడం 1952లో తెగింది. దానికి ఎగువన 1954లో మొదలై 1957లో పూర్తయిన బ్యారేజీయే నేటి రోడ్డు వంతెన కూడా. ఆ ఏడాది మేలో కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరే దీనికి పెట్టారు.

2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కులు దీని గుండా పోయాయి. కొట్టుకొచ్చిన పడవలు తగిలి కొన్ని గేట్ల కౌంటర్‌వెయిట్లు (గేటు ఎత్తడానికి తోడ్పడే ఎదురు బరువులు) దెబ్బతిన్నా కట్టడం నిలిచింది. ఆ గేట్ల దగ్గర మేము చాలాసేపు నిలబడ్డాము.

బసలోనే పొరపాటు చేశాము. నది కనిపిస్తుందని చెప్పి ఒక లాడ్జి వారు ఇచ్చిన గది కిటికీ పక్క మేడ గోడవైపు తెరుచుకుంది; వేడినీళ్లు కూడా రాలేదు. గది చూశాకే డబ్బు కట్టండి. నది కోసమే వచ్చేవారు స్టేషను పరిసరాలకన్నా భవానీపురం వైపు ఒడ్డున వెతుక్కోవడం మేలు. సీతానగరం నుంచి ఆటోలో ఉండవల్లి గుహలు దగ్గరే. అక్కడి శయన అనంతపద్మనాభుడిని చూడకుండా తిరిగి రావద్దు.

నడిచినంత దూరంలో పాత ఆనకట్ట కథ చెప్పే ఫలకం ఒక్కటీ మాకు కనిపించలేదు. ఆ లోటు నన్ను నిజంగా బాధించింది. వేసవిలో దిగువన ఇసుకే మిగులుతుంది, కాబట్టి గేట్లు ఎత్తే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, వరద హెచ్చరిక లేని రోజు చూసుకుని వెళ్లండి.