రెండు లీటర్ల చదరపు గాజు బేకింగ్ డిష్: ఆరు నెలల వాడకం తర్వాత

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇత్తడి, స్టీలు సామాన్లకు కొదవ లేదు గానీ, ఓవెన్‌లో పెట్టే గాజు పాత్రలు మాత్రం వెదికితే తప్ప దొరకవు. ఇంట్లో లసాన్యా (పల్చని పాస్తా షీట్లు, సాస్, చీజ్ వరుసలుగా పరిచి ఓవెన్‌లో ఉడికించే ఇటాలియన్ వంటకం) చేయాలని తలపెట్టి, వంటకాల్లో సాధారణంగా చెప్పే 33 సెంటీమీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల వెడల్పు కొలతనే పట్టుకుని, ఆరు నెలల క్రితం అలాంటి పాత్ర ఒకటి కొన్నాను. ‘మీ ఓవెన్ ఏదైనా పడుతుందమ్మా’ అని అంగడి ఆయన భరోసా ఇచ్చారు. ఇంటికొచ్చి 28 లీటర్ల ఓటీజీలో, అంటే కరెంటు రాడ్లతో వేడెక్కే చిన్న ఓవెన్‌లో, పెడితే తలుపు మూసుకోలేదు. పాత్ర లోపలి కొలత 33 అయినా, రెండు వైపులా పిడులు కలుపుకుంటే 38 అయింది. ఓవెన్ లోపలి వెడల్పేమో 35. అడ్డంగా తిప్పి పెడదామంటే లోతు 29 మాత్రమే. మర్నాడు వెళ్లి, కాసేపు వాదించి, దాన్నిచ్చి ఈ చదరపు పాత్ర తెచ్చుకున్నాను. తేడా డబ్బు తిరిగి రాలేదు, దానికి బదులు రెండు చిన్న గాజు గిన్నెలు చేతికొచ్చాయి.

ఈసారి మాత్రం ఓవెన్ జాలీ కొలతకు పాత దినపత్రికను కత్తిరించి, గాలి ఆడేందుకు చుట్టూ రెండేసి సెంటీమీటర్లు తగ్గించి మడిచి, ఆ కాగితం మీద పాత్రను బోర్లించి చూసుకున్నాకే ఒప్పుకున్నాను. టేపుతో కొలవడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే పిడులు, అంచులు అన్నీ కలిసి కంటికి కనిపిస్తాయి. పాత్ర మీది చీటీలో 23 సెంటీమీటర్లని ఉంది గానీ, అది బయటి అంచు కొలత. లసాన్యా పరచుకునే అడుగు భాగం 20 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 5. నీళ్లు పోసి చూస్తే అంచు దాకా సరిగ్గా రెండు లీటర్లు పట్టింది. పైన ఒక వేలి మందం ఖాళీ వదలాలి కనుక నిజంగా వాడుకోగలిగేది లీటరున్నరకు కొంచెం ఎక్కువే తప్ప రెండు లీటర్లు కాదు. ఆ ఖాళీ వదలకపోతే ఏమవుతుందో మొదటిసారే తెలిసింది: పాల సాస్ పొంగి కింది రాడ్ల మీద పడి, వంటిల్లంతా పొగ నిండింది. మా అత్తగారు పరుగున వచ్చి ‘ఏమ్మా, పాలు మాడినట్టున్నాయే’ అన్నారు.

పెద్ద పాత్ర అడుగు వైశాల్యం సుమారు 760 చదరపు సెంటీమీటర్లయితే దీనిది 400, అంటే సగానికి కాస్త ఎక్కువ. అందువల్ల ఎనిమిది మందికని రాసిన కొలతలను సగం చేస్తే ఇందులో చక్కగా సరిపోతాయి. నా లెక్క ఇది: ఒక కిలో మదనపల్లె టమాటాలు ఉడికి దగ్గరపడితే సుమారు అర లీటరు సాస్ వస్తుంది, అర లీటరు పాలతో తెల్ల సాస్, 200 గ్రాముల పనీర్, 150 గ్రాముల చీజ్, ఆరు షీట్లు. నేను తెచ్చే పొట్లంలో ఒక్కో షీటు 17 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు ఉంటుంది. పక్కపక్కన రెండు పరిస్తే 18కి 17 అవుతాయి, చుట్టూ కొంత జాగా మిగులుతుంది. ఆ జాగాను చూసి విరిచిన ముక్కలతో నింపాలనిపిస్తుంది గానీ, నింపకూడదు. ఉడికేటప్పుడు షీట్లు ఉబ్బి ఆ చోటును అవే తీసుకుంటాయి. మూడు వరుసలకు 5 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది, నాలుగో వరుసకు ఆశపడితే పైన చెప్పిన పొగ తప్పదు. లసాన్యా అన్న పేరే లాటిన్‌లో వంటపాత్రకున్న మాట నుంచి వచ్చిందని ఒక వాదన ఉంది. పాత్ర కోసం రెండుసార్లు అంగడికి తిరిగిన నాకు ఆ వాదన మీద నమ్మకం ఎక్కువ.

లోతు ఎక్కువున్న పాత్రలు మా ఓటీజీలాంటి చిన్న ఓవెన్లకు పనికిరావు. పై రాడ్లకు దగ్గరైపోవడంతో చీజ్ మాడిపోతుంది, నడిమి భాగం మాత్రం చల్లగానే ఉండిపోతుంది. ఈ పాత్రను కింది అరలో పెట్టి, 180 డిగ్రీల్లో, మొదటి అరగంట ఫాయిల్ కప్పి, తర్వాత తీసేసి పది పదిహేను నిమిషాలు ఉంచితే పైన గోధుమ రంగు మచ్చలు సమంగా వస్తున్నాయి. గాజు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది కాబట్టి, బయటికి తీశాక కూడా అంచుల్లో సాస్ కొంతసేపు బుడబుడమంటూనే ఉంటుంది. పదిహేను నిమిషాలు ఆగి కోస్తేనే ముక్క జారిపోకుండా నిలుస్తుంది. గోడలు పారదర్శకం కావడంతో అడుగు వరుస ఉడికిందో లేదో పక్క నుంచే కనిపించడం ఇందులో నాకు బాగా నచ్చిన గుణం. ఇంతకుముందు అల్యూమినియం కేక్ టిన్నులో ప్రయత్నించినప్పుడు టమాటా పులుపుకు లోహపు రుచి దిగింది, గాజులో ఆ బాధ లేదు.

ఓవెన్ పాత్రలకు వాడే బోరోసిలికేట్ గాజు మామూలు సోడా సున్నపు గాజుతో పోలిస్తే వేడికి మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది కనుక ఉష్ణోగ్రత మార్పులను బాగా తట్టుకుంటుంది. అంతమాత్రాన అది పగలదని కాదు. మా ఇంట్లో గట్టు కడప బండ. తడిగా ఉన్న ఆ బండ మీద వేడి పాత్రను దించితే పగుళ్లివ్వవచ్చు, అందుకే ముందుగా చెక్క పీట వేసి ఉంచుకుంటాను. తోమడానికి స్టీలు పీచు వాడితే పడే గీతలతో గాజు బలహీనపడుతుంది. చల్లారాక గోరువెచ్చని నీళ్లు పోసి గంటసేపు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్దితే మూలల్లోని చీజ్ సులువుగా వస్తోంది.

నలుగురైదుగురున్న ఇంటికి, 25 నుంచి 30 లీటర్ల మధ్య ఓవెన్ ఉన్నవారికి దీన్ని కొనమనే చెబుతాను. పదిమందిని భోజనానికి పిలిచే అలవాటున్నవారికి ఇది చాలదు, ఇలాంటివి రెండు కొన్నా మా ఓవెన్‌లో ఒకేసారి పట్టవు కాబట్టి రెండు వాయిలు తప్పవు. 850 రూపాయల పాత్రకు మూత ఇవ్వకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. మిగిలిన లసాన్యాను ఫ్రిజ్‌లో పెట్టాలంటే ఇప్పటికీ స్టీలు పళ్లెమే మూతగా బోర్లిస్తున్నాను.