యూటీ డల్లాస్‌లో పార్కింగ్: కొత్తగా వచ్చే విద్యార్థుల కోసం ఒక సమీక్ష

టెక్సాస్‌లోని రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డల్లాస్‌కు (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డల్లాస్) ఎమ్మెస్ చదవడానికి ఏటా మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి పెద్ద సంఖ్యలో విద్యార్థులు వస్తున్నారు. విమానం ఎక్కకముందే వాళ్లు అడిగే ప్రశ్నల్లో ఫీజు, గది, క్యాంపస్ ఉద్యోగం తర్వాత తప్పకుండా వచ్చేది కారు సంగతి: కారు కొనాలా, కొంటే క్యాంపస్‌లో పెట్టడానికి చోటు దొరుకుతుందా, దానికి ఎంత కట్టాలి? ఈ సమీక్ష ఆ ప్రశ్నలకు జవాబుగా రాస్తున్నది. ఇక్కడి పార్కింగ్‌ను నేను ఒక సేవగానే చూస్తున్నాను. డబ్బు తీసుకుని ఇచ్చే ఏ సేవనైనా, అందులో అందరికంటే తక్కువ కట్టేవాడికి ఏం అందుతోందో చూసి తూచాలన్నది నా అభిప్రాయం.

ఈ క్యాంపస్ ఎలా పెరిగిందో కొంచెం తెలిస్తే ఇక్కడి చిక్కు అర్థమవుతుంది. 1969లో ప్రభుత్వ విశ్వవిద్యాలయంగా మొదలైనప్పుడు ఇది ప్రధానంగా పై చదువుల కేంద్రం. ఇంటర్ ముగించి నేరుగా వచ్చే డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులను 1990లో గానీ చేర్చుకోలేదు. అంటే ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ, సొంత కారులో వచ్చి, తరగతి కాగానే వెళ్లిపోయేవారు. చుట్టూ ఖాళీ నేల ఉన్నందున భవనాల పక్కనే విశాలమైన లాట్లు, అంటే కార్లు నిలిపే ఆరుబయటి స్థలాలు, పరచుకుపోయాయి. తర్వాత విద్యార్థుల సంఖ్య 2010లో ఉన్న 17 వేల పైచిలుకు నుంచి పదేళ్లు తిరగకముందే 30 వేలకు చేరువైంది. కొత్త భవనాలకు స్థలం కావాల్సి వచ్చినప్పుడు భవనాలకు దగ్గరున్న లాట్లే ముందు పోతాయి. ఒక ఎకరం నేలలో, దారులతో కలిపి చూసుకుంటే, నూట ముప్పై నుంచి నూట యాభై కార్లకు మించి పట్టవు. కాబట్టి ఒక లాటు పోయిన ప్రతిసారీ కొన్ని వందల మంది మరింత దూరానికి జరగాల్సి వస్తుంది.

క్యాంపస్‌లో కారు నిలపడానికి కొనుక్కోవాల్సిన పర్మిట్లు రంగులవారీగా ఉంటాయి. ఆకుపచ్చది అన్నింటికంటే చవక, దాని స్థలాలు సాధారణంగా భవనాలకు దూరంగా ఉంటాయి. దానిపైన గోల్డ్, ఆపైన ఆరెంజ్, అన్నింటికంటే ఖరీదైనది పర్పుల్. పై రంగు పర్మిట్ ఉన్నవారు కింది రంగు గీతల్లోనూ నిలపవచ్చు, కింది రంగువారు పైకి పోకూడదు. సాయంత్రం తర్వాత ఈ కట్టుబాటు కొంత సడలుతుంది. ఏ రంగు ధర ఎంత, సడలింపు ఏ వేళ నుంచి అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి, సీనియర్లు చెప్పిన పాత అంకెను నమ్ముకోకుండా పార్కింగ్ విభాగం వెబ్‌సైట్‌లో ఆ ఏటి వివరం చూసుకోవడం మంచిది.

ఈ రంగుల పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. దగ్గరి స్థలానికి ఎక్కువ, దూరపు స్థలానికి తక్కువ అన్న ధర తేడా లేకపోతే, అందరూ ఒకే రుసుము కట్టి, తెల్లవారుజామున వచ్చినవాడికి తలుపు దగ్గర, పదిన్నరకు వచ్చినవాడికి పొలిమేరలో అన్నట్టు ఉండేది. ఆ పద్ధతిలో డబ్బు తక్కువున్న విద్యార్థికి తక్కువ కట్టే వీలే ఉండదు. ఇక్కడ ఆకుపచ్చ పర్మిట్ తీసుకునేవాడు కాస్త నడక భరించి మిగిలిన డబ్బు దాచుకోవచ్చు. సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలు మాత్రమే, అదీ సాధారణంగా క్యాంపస్‌లోనే పనిచేయడానికి అనుమతి ఉన్న ఎఫ్-1 వీసా విద్యార్థికి ఆ వెసులుబాటు చిన్నది కాదు. టెక్సాస్‌లో కనీస వేతనం ఇప్పటికీ గంటకు 7.25 డాలర్లే. ఆ జీతంలోంచి అద్దె, తిండి, ఫోను, టెక్సాస్ చట్టం తప్పనిసరి చేసిన కారు బీమా అన్నీ పోగా మిగిలేది ఎంతో మనందరికీ తెలుసు.

విద్యార్థుల అసలు ఆవేదన మరోచోట ఉంది. పర్మిట్ కొనడం అంటే ఒక స్థలాన్ని కొనడం కాదు, స్థలం వెతుక్కునే హక్కును కొనడం మాత్రమే. అమెరికాలో దాదాపు అన్ని విశ్వవిద్యాలయాలూ అందరూ ఒకేసారి రారన్న లెక్కతో, ఉన్న స్థలాలకంటే ఎక్కువ పర్మిట్లు అమ్ముతాయి. ఆ లెక్క సాధారణ రోజుల్లో నిలబడుతుంది. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో మాత్రం నిలబడదు, ఎందుకంటే అప్పుడు ఏ తరగతీ మానకుండా అందరూ వస్తారు, ఎవరికీ దారులు సరిగా తెలియవు, పుస్తకాలకూ గుర్తింపు కార్డులకూ వచ్చినవాళ్లు వాళ్లకు అదనం. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా దగ్గరి వరుసల్లో కార్లు నెమ్మదిగా తిరుగుతూ, అంతస్తుల పార్కింగ్ గరాజ్ వైపు నడిచి వస్తున్న ప్రతి మనిషినీ ఆశగా చూస్తూ, అతను తన కారు తీసేదాకా వెనకే పాకుతూ ఉండే దృశ్యం ఏ పెద్ద అమెరికన్ క్యాంపస్‌లోనైనా కనిపిస్తుంది. ఆ తిరుగుడు పెట్రోలును, సమయాన్ని తినేయడమే కాకుండా నడిచేవారికి ప్రమాదం కూడా. అదే వేళ దూరపు లాట్లలో ఖాళీలు ఉండటం సామాన్యం. కాబట్టి కొరత ఉన్నది స్థలానికి కాదు, ఆ నాలుగు గంటల్లో దగ్గరి స్థలానికి. ఈ తేడా గుర్తించకుండా 'పార్కింగ్ చాలదు' అని మాత్రమే అంటే, దొరికే పరిష్కారం మరో కాంక్రీటు గరాజ్ ఒక్కటే అవుతుంది.

గరాజ్‌లు ఇప్పటికే ఉన్నాయి. పీఎస్1, పీఎస్3, పీఎస్4 అని పిలిచే అంతస్తుల భవనాలు విద్యార్థుల సంఖ్య వేగంగా పెరిగిన ఆ కాలంలో వచ్చాయి. వాటి వల్ల మేలు జరిగిందనడంలో సందేహం లేదు. ఆగస్టులో ఎండ 38 డిగ్రీలు దాటే ఊళ్లో నీడలో పెట్టిన కారు విలువ అనుభవించినవారికే తెలుస్తుంది, వడగళ్ల కాలంలో ఇంకా బాగా తెలుస్తుంది. కానీ అమెరికాలో ఇలాంటి భవనంలో ఒక్కో కారు స్థలం కట్టడానికి ఇరవై వేల డాలర్లకు పైగానే ఖర్చవుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పార్కింగ్ విభాగం సాధారణంగా తన ఖర్చు తానే సంపాదించుకోవాలి. ట్యూషన్ ఫీజు సొమ్ము దానికి మళ్లదు. కాబట్టి గరాజ్ కట్టిన అప్పు చివరికి పర్మిట్ల ధరలోకి, చలాన్లలోకి చేరుతుంది. కొత్త గరాజ్ కావాలని సంతకాలు సేకరించే విద్యార్థులు ఈ సంగతి కూడా తెలుసుకుని సంతకం చేయాలి.

ఇంతకంటే చాలా తక్కువ ఖర్చుతో చేసిన ఒక పని నన్ను బాగా ఆకట్టుకుంది. గరాజ్‌లలో ఏ అంతస్తులో, ఏ రంగు పర్మిట్‌కు ఎన్ని ఖాళీలు ఉన్నాయో ఎప్పటికప్పుడు చూపే పేజీని విశ్వవిద్యాలయం తన వెబ్‌సైట్‌లోనే ఉంచింది. ఇంటి దగ్గర బయలుదేరే ముందు ఫోన్‌లో ఆ అంకె చూసుకుంటే, ఏ గరాజ్‌కు వెళ్లాలో, లేక నేరుగా దూరపు లాటుకే పోవాలో తేల్చుకోవచ్చు. ఇలాంటి సమాచారం లేనిచోట ప్రతి విద్యార్థీ ముందు దగ్గరి గరాజ్ మొత్తం చుట్టి, నిరాశపడి, తర్వాత మరోదానికి పోతాడు. ఈ పేజీ ఉందని కొత్తవారికి మొదటి రోజే చెప్పాలి. నా కోరిక ఏమిటంటే, ఇదే లెక్క బయటి లాట్లకు కూడా ఉండాలి, ఎందుకంటే ఆకుపచ్చ పర్మిట్‌వారు ఎక్కువగా ఆధారపడేది వాటి మీదే.

ఇక కామెట్ క్రూజర్. డల్లాస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్‌తో కలిసి విశ్వవిద్యాలయం నడిపించే 883వ నంబరు బస్సు ఇది, విద్యార్థులకు ఉచితం. మన పిల్లలు ఎక్కువగా అద్దెకు ఉండే మెకల్లమ్ బులెవార్డ్ వైపు అపార్ట్‌మెంట్లను, సిటీలైన్/బుష్ రైలు స్టేషన్‌ను అది క్యాంపస్‌తో కలుపుతుంది. నా దృష్టిలో ఈ విశ్వవిద్యాలయం పార్కింగ్ కోసం చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి. బస్సులో వచ్చిన ప్రతి విద్యార్థీ కారులో తప్పక రావాల్సినవారికి ఒక స్థలం వదిలిపెడుతున్నాడు: పసిపిల్లను డేకేర్‌లో దింపి వచ్చే తల్లికి, నలభై మైళ్ల దూరం నుంచి వచ్చే ఉద్యోగికి, కాలు బాగాలేని సహాధ్యాయికి. నిండిపోయిన బస్సు వెనక మరో బస్సు రాక స్టాపులోనే మిగిలిపోయినప్పుడు మాత్రం విద్యార్థి మర్నాడు కారు గురించి ఆలోచిస్తాడు. అందుకే బస్సు వేళల్లో ఒక్క ట్రిప్ తగ్గినా దాని భారం పార్కింగ్ మీద పడుతుంది.

2025 అక్టోబరు 25న డార్ట్ వారి సిల్వర్ లైన్ రైలు మొదలవడంతో కొత్త అవకాశం వచ్చింది. ప్లేనోలోని షైలో రోడ్ నుంచి డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్‌వర్త్) విమానాశ్రయం టెర్మినల్ బీ వరకు 26 మైళ్ల ఈ మార్గంలో యూటీ డల్లాస్ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అదీ క్యాంపస్‌కు ఉత్తరం పక్కనే. విమానం దిగిన విద్యార్థి రెండు సూట్‌కేసులతో ఎవరి కారు కోసమూ ఎదురుచూడకుండా క్యాంపస్ దాకా రావచ్చు. దీన్ని నిమిషాల తేడాలో నడిచే హైదరాబాద్ మెట్రోతో పోల్చుకోకూడదు, వేళలు చూసుకుని ఎక్కాల్సిన రైలు ఇది. అయినా ప్లేనో, ఆడిసన్, క్యారల్‌టన్ వైపు ఉండేవారికి కారు లేకుండా చదువుకోవడం నిజంగా సాధ్యమయ్యే దారి ఇప్పుడు ఏర్పడింది.

బస్సు వల్ల పార్కింగ్ ఒత్తిడి తగ్గుతుందా అని సందేహించేవారికి లాస్ ఏంజెలెస్ అనుభవం చెప్పాలి. అక్కడి యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం 2000లో బ్రూయిన్‌గో అనే పథకం పెట్టి, శాంటా మోనికా బ్లూ బస్సుల్లో విశ్వవిద్యాలయ కార్డు చూపితే చాలు అన్నట్టు చేసింది. ఛార్జీ విశ్వవిద్యాలయమే కట్టింది. అక్కడి ఆచార్యుడు డొనాల్డ్ షూప్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో, మొదటి ఏడాదిలోనే క్యాంపస్‌కు బస్సులో వచ్చేవారు 56 శాతం పెరిగారనీ, ఒంటరిగా కారులో వచ్చేవారు 20 శాతం తగ్గారనీ తేలింది. కార్ల నగరమని పేరున్న చోట ఇది జరిగింది. పార్కింగ్ విధానాల మీద జీవితమంతా పనిచేసిన షూప్ 2025 ఫిబ్రవరిలో మరణించారు. ఉచితంగా కనిపించే పార్కింగ్‌కు కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉంటారని ఆయన ఓపికగా లెక్కలు వేసి చూపించారు. ఆయన చూపిన ఆ ఫలితం నాకు యూటీ డల్లాస్ విషయంలో ధైర్యాన్నిస్తోంది, ఎందుకంటే ఇక్కడ బస్సూ ఉంది, రైలూ వచ్చింది. రెండింటినీ సరిగా కలపడమే మిగిలింది.

చలాన్ల గురించి ఎక్కువ చెప్పను. మీది కాని రంగు గీతలో నిలిపితే టికెట్ పడుతుంది, అన్యాయమనిపిస్తే గడువులోగా అప్పీలు చేసుకునే వీలు ఉంటుంది, కట్టకుండా వదిలేస్తే మీ విశ్వవిద్యాలయ ఖాతాలో బాకీగా మిగిలి తర్వాత ఇబ్బంది పెడుతుంది. రాత్రి వేళ రంగు గీతలు సరిగా కనబడవు కాబట్టి వరుస చివర ఉండే బోర్డు చదివాకే దిగండి. వికలాంగుల స్థలంలో అయిదు నిమిషాలకైనా నిలపకండి.

కొత్తవారికి నా సలహా ఇది. మొదటి సెమిస్టర్‌లో కారు కొనకండి. అపార్ట్‌మెంట్ ఎంచుకునేటప్పుడు అద్దెలో యాభై డాలర్ల తేడా కంటే కామెట్ క్రూజర్ స్టాపు ఎంత దూరమన్నదే ముఖ్యంగా చూడండి. కారు తప్పనిసరైతే గదిలో నలుగురూ కలిసి ఒకే కారులో రండి, ఆకుపచ్చ పర్మిట్ తీసుకోండి, ఖర్చు పంచుకోండి. తరగతులు ఏడింటి నుంచి పావు తక్కువ పది దాకా సాగే సాయంత్రం బ్యాచ్ అయితే అంతకంటే ఖరీదైన పర్మిట్ అవసరం చాలామందికి రాదు. ఉదయం పదింటి తరగతి ఉంటే తొమ్మిదింటికే వచ్చి మెక్‌డెర్మాట్ లైబ్రరీలో కూర్చోవడం, పదికి పావుగంట ముందు వచ్చి వెతకడం కంటే నయం.

అయిదు మార్కులకు ఎన్ని ఇస్తారని అడిగితే, ఖాళీల సమాచారానికి నాలుగున్నర, బస్సుకు నాలుగు, రంగుల పద్ధతికి మూడున్నర, దూరపు లాట్ల నుంచి భవనాల దాకా నడిచే దారికి రెండు ఇస్తాను. ఆ నడక దారుల వెంట నీడనిచ్చే చెట్లు మరిన్ని నాటాలి. సాయంత్రం తరగతులు ముగిశాక ఆఖరి బస్సు అందుతుందన్న భరోసా ఉండాలి. సిల్వర్ లైన్ రైలు వచ్చే వేళలకు బస్సు వేళలు కలవాలి. సెమిస్టర్ మొదటి రెండు వారాలూ అదనపు బస్సులు నడపాలి. ఇక మరో గరాజ్ ఆలోచన వచ్చినప్పుడు, అందులో ఒక్క అంతస్తు ఖర్చుతో ఎన్ని బస్సులు ఎన్నేళ్లు నడపవచ్చో లెక్క వేసి, ఆ లెక్కను నిర్ణయానికి ముందే విద్యార్థుల ఎదుట పెట్టాలని పార్కింగ్ విభాగాన్ని కోరుతున్నాను.