శాన్ ఏంజెలోలో కయోటీ వేట: రెండు ట్రిప్పులు, ఏది దండగ, ఏది పైసా వసూల్

డాలస్ నుంచి శాన్ ఏంజెలోకి నాలుగు గంటల డ్రైవ్, అబిలీన్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా మెస్కీట్ చెట్లు తప్ప ఏమీ కనపడవు, మన సర్కారు తుమ్మకి చుట్టాలే అవి, నాకైతే కనిగిరి వైపు పోతున్నట్టే ఉంది. మా బావకి కయోటీల (మన నక్కల్లాంటి అడవి జంతువులు) వేట పిచ్చి, లైసెన్సూ రైఫిలూ ఆయనవే, నేను తోడుకి పోయానంతే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు సరదాకి కూడా తుపాకీ ముట్టుకోకండి, హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటేనే ఫెడరల్ చట్టంలో మినహాయింపు. టెక్సాస్‌లో కయోటీకి సీజన్ అనేది లేదు, ఇన్నే కొట్టాలని లెక్కా లేదు. పైగా అది గొర్రెల ఊరు, ఊరంతా రంగులేసిన గొర్రె బొమ్మలే, గొర్రెల్ని తినే కయోటీ పేరెత్తితే రాంచ్ వాళ్ళకి ఒళ్ళు మండుద్ది.

మొదటిసారి నవంబర్లో పోయాం. బస, భోజనం, గైడ్ అన్నీ కలిపి చవగ్గా వస్తోందని బుక్ చేశాం. గదిలో హీటర్ పనిచెయ్యలా, రాత్రంతా జాకెట్లేసుకుని పడుకున్నాం, సరే అది పోనీ. గైడ్ ట్రక్కు తీసుకెళ్ళి మిట్ట మీద ఆపి డోరు ధడాల్న వేశాడు. కాలర్ మెషీన్ (కయోటీని పిలవడానికి జంతువుల అరుపులు వినిపించే స్పీకర్) మాకు పది అడుగుల్లోనే పెట్టి ఫుల్ సౌండ్. డెకాయ్‌కి (ఎరగా పెట్టే కదిలే బొమ్మ) చార్జింగ్ లేదు, ఆగిపోయే ఫ్యాన్‌లా రెండు తిప్పులు తిరిగి ఊరుకుంది. మూడు చోట్ల కూర్చున్నా ఏమీ రాలా. "ఏం బావా, ఇదేనా వేటంటే?" అంటే ఆయన మాట్లాడకుండా ట్రక్కు వెనక బురద చూపించాడు, అప్పుడే పడిన అడుగులు. గాలి మా మీదుగా అటే పోతోంది, కయోటీ వెనకనుంచి వచ్చి మా వాసన పట్టేసి పోయింది.

జనవరిలో ఊళ్ళో మోటెల్ తీసుకుని (మామూలుదే, వేడి నీళ్ళొచ్చాయి, చాలు) వేరే గైడ్‌ని పెట్టుకున్నాం, రేటు దాదాపు డబుల్. ఈయన దిగగానే చిన్న డబ్బా నొక్కి పౌడర్ గాల్లోకి వదిలి అది ఎటు పోతుందో చూశాడు. డోరు వెయ్యలేదు, నెమ్మదిగా నొక్కాడు. కాలర్‌ని 40 గజాల అవతల పక్కగాలికి పెట్టి, పక్కనే బొచ్చు తోకలాంటి డెకాయ్, అది ఆగి ఆగి ఎగురుతుంది. మా తాత కౌజుపిట్టని బోనులో పెట్టి దీమం (ఎర) వేసేవాళ్ళ గురించి చెప్పేవాడు, అదే పని ఇక్కడ బ్యాటరీ మీద నడుస్తోంది! కయోటీ చూపు డెకాయ్ మీద ఉంటే మన మీద పడదు, కిటుకంతా అదే. మేం ఎండకి వీపు పెట్టి మెస్కీట్ నీడలో కూర్చున్నాం.

కుందేలు అరుపు ముందు సన్నగా పెట్టాడు, దగ్గర్లోనే ఏదైనా పడుకుని ఉంటే ఒక్కసారిగా గట్టిగా మోగిస్తే బెదిరిపోతుందట. అచ్చం చంటిపిల్ల ఏడుపే, వినబుద్ధి కాదు. పదో నిమిషంలో బూడిదరంగుది ఒకటి పొదల్లోంచి వచ్చి, ఆగి, తోకనే చూసింది. సూటిగా రాదు, గాలివాటుకి చుట్టు తిరిగి వాసన చూస్తుంది, గైడ్‌కి అది ముందే తెలుసు, ఆ చుట్టు తిరిగే దారిలో పొదల్లేని జాగా ఉండేట్టు మమ్మల్ని కూర్చోబెట్టాడు. అక్కడికి రాగానే నోటితో చిన్నగా మొరిగాడు, ఠక్కున ఆగింది, బావ కాల్చాడు. నాకు మాత్రం కడుపులో తిప్పేసింది, దాచేదేముంది.

తర్వాత నాలుగు చోట్ల కూర్చుంటే ఇంకొకటే వచ్చింది, అదీ దూరంనుంచే తిరిగిపోయింది, 20 నిమిషాలు చూసి లేచిపోవడమే. జనవరి, ఫిబ్రవరిల్లో జతకట్టే కాలం గాబట్టి ఊళ పెట్టినా వస్తాయన్నాడు. బావ ఇంటికి రాగానే ఫాక్స్‌ప్రో కంపెనీ కాలర్ మెషీన్ల రేట్లు చూడ్డం మొదలెట్టాడు, ఆ డబ్బుతో ఇదే గైడ్‌ని ఇంకోసారి బుక్ చెయ్యి బావా అని నేను పోరు పెడుతున్నా.