మొదటిసారి ఎయిర్‌గన్ కొనేవాళ్ళకి, పర్లాకిమిడి నుంచి ఆరు నెలల అనుభవం

నిజానికి నేను కొందామనుకున్నది ఎయిర్‌సాఫ్ట్ గన్, నల్లగా అచ్చం మిలిటరీ తుపాకీలా ఉండి మోటారుతో టకటకా ప్లాస్టిక్ గోళీలు కొట్టేది. మావయ్య వద్దన్నాడు. "ఒరేయ్, అది భుజాన వేసుకుని మహేంద్రగిరి దారిలో పోతుంటే ఎదురొచ్చిన పోలీసుకి బొమ్మని ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు. ఏళ్ళ తరబడి కూంబింగ్‌లు చూసిన కొండలు మావి, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పైగా దాని గోళీ 6 మిల్లీమీటర్లు, మన దేశంలో లైసెన్సు లేకుండా ఉంచుకునే ఎయిర్‌గన్‌కి బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటకూడదు. అసలది జట్లుగా మాస్కులు పెట్టుకుని ఆడుకునే ఆటకి చేసింది, మా ఊళ్ళో ఆ జట్టు ఎక్కడుంది?

అందుకే బరంపురంలో ఒక పాత తుపాకుల కొట్టుకి వెళ్ళి .177 (అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు) స్ప్రింగ్ రైఫిల్ తీసుకున్నాను, లోపలి స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తే ఆ గాలికి పెల్లెట్, అంటే చిన్న లోహపు గుండు, వెళ్తుంది. చెక్క పిడిది, బ్యారెల్ విరిచి, అంటే మడత దగ్గర కిందకి వంచి, ఒక్కో పెల్లెట్ పెట్టేది. కొట్టాయన ఆధార్ చూసి బిల్లు రాశారు, ఆ బిల్లు నకలు ఇప్పటికీ కవర్‌లోనే ఉంటుంది. ఆయన నేర్పిన పరీక్ష ఒకటి చెప్తాను: బ్యారెల్ మూసేసి, చివర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, ఏ కొంచెం కదిలినా ఆ ముక్క వద్దని పక్కన పెట్టేయండి. నేను మూడు చూస్తే ఒకటి కదిలింది. పెల్లెట్ లేకుండా మాత్రం పేల్చి చూడకండి, లోపల పిస్టన్ నేరుగా వెళ్ళి గుద్దుకుంటుంది.

మొదటి వారం చాలా నిరాశపడ్డాను. పేల్చిన ప్రతిసారీ కాలిన నూనె వాసన, సన్నగా పొగ, పది మీటర్ల దూరంలో అట్టముక్క మీద కన్నాలు చేటంత వెడల్పున చెల్లాచెదురు. పొగ దానంతటదే తగ్గింది, ఫ్యాక్టరీలో పూసిన నూనె అది. గురి కుదరకపోవడానికి కారణం చూస్తే, చెక్కని పట్టి ఉంచే స్క్రూలు వదులైపోయాయి! ఇప్పుడు యాభై షాట్లకోసారి బిగిస్తాను.

అప్‌గ్రేడ్ అంటే అందరూ ముందు గట్టి స్ప్రింగ్ అంటారు. దయచేసి వద్దు. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 200 మీటర్లు వెళ్తే 10 జౌళ్ళు, అదే 300 మీటర్లయితే 22.5, అంటే హద్దు దాటినట్టే, లైసెన్సు కావాలి. అదనపు కుదుపుతో గురి ఇంకా చెడుతుంది కూడా. ఆ డబ్బు పెట్టి మంచి పెల్లెట్లు కొనండి. నేను మొదట వాడిన చవక డబ్బాలో సగం పెల్లెట్లకి వెనక అంచు నొక్కుకుపోయి ఉంది, గోరుతో తడిమితే తెలిసిపోయేది. డబ్బా మార్చిన రోజే అయిదు షాట్లు పది రూపాయల బిళ్ళ కిందకి వచ్చాయి, ఆ అట్ట ఇంకా గోడకే ఉంది. పట్టు కూడా మార్చుకోవాలి: గట్టిగా బిగించకుండా అరచేతి మీద ఊరికే ఆనించాలి, ఎందుకంటే స్ప్రింగ్ తుపాకీ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది. ఆ రెండు తన్నులకే నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన స్కోపు వారం తిరక్కుండా పాడైంది, లోపలి గీత పక్కకి జరిగిపోయింది, వాపసు తీసుకోమంటే తీసుకోలేదు. స్ప్రింగ్ గన్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి, లేదంటే తుపాకీతో పాటు వచ్చిన సైటుతోనే (గురి చూసే గుర్తులు) ఆరు నెలలు నేర్చుకోండి.

టార్గెట్ వెనక ఇసుక బస్తా, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. పిట్టల్ని కొడదాం రమ్మని పిలిచేవాళ్ళు ఇక్కడ ఎక్కువ, నేను వెళ్ళను. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అది లేకపోయినా వెళ్ళను.

ఒక్క లోపం: బ్యారెల్ విరవడానికి చాలా బలం కావాలి. పదకొండేళ్ళ మా అక్క కూతురికి రెండు చేతులతోనూ రాలేదు. పిల్లల కోసమైతే ఇది తీసుకోకండి, బ్యారెల్ ఇంకా తేలికగా వంగేది అడగండి.